ఈశాన్యానికి రెండు మిల్లీమీటర్ల వాలు

దాలినాయుడి యంత్రానికి అబద్ధం చెప్పడం చేతకాదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో దానికొచ్చిన కష్టాలన్నిటికీ మూలం అదే.

వంద మిల్లీమీటర్లు కదలమంటే మొదట్లో అది తొంభై ఎనిమిదిన్నర కదిలి ఆగిపోయేది. మనుషులైతే మిగతా ఒకటిన్నర కూడా కదిలినట్టు రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేసేవారు. యంత్రానికి అంత సర్వీసు లేదు. దాంతో దాలినాయుడు చేతిలో కొలత పరికరం పట్టుకుని, స్క్రూ పావు చుట్టు తిప్పి, మళ్ళీ కొలిచి, మళ్ళీ తిప్పి, నెల్లాళ్ళపాటు దానికి నడక నేర్పాడు. పసిపిల్లకి కూడా ఎవరూ అంత కొలిచి అడుగులు నేర్పరు.

రేగులవలస పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో దాలినాయుడు టెక్నీషియన్. చచ్చిపోయిన ప్రింటర్ల నుంచి ఇనుప కడ్డీలు, మూలబడ్డ జిరాక్స్ మిషన్ల నుంచి మోటార్లు ఊడబీకి, రెండేళ్ళు కూర్చుని ఈ యంత్రాన్ని సొంత చేతుల్తో కట్టాడు. కూర్చునే పీటంత ఉంటుంది. రాగి రేకు అతికించిన పలక మీద సూదిలాంటి బ్లేడుతో గాట్లు పెట్టి, అక్కర్లేని రాగిని గీకేసి, కరెంటు నడవాల్సిన దారుల్ని మిగల్చడం దాని పని. అలా గీకగా మిగిలిందే సర్క్యూట్ బోర్డు. రాగి పొర వెంట్రుకలో సగం మందం. సూది దిగాల్సింది మిల్లీమీటరులో పదో వంతు. అంతకంటే పైన ఉంటే గాలి చెక్కుతుంది. కిందికి దిగితే మొన విరుగుతుంది.

"పదిహేనేళ్ళ కాపరంలో నా జాకెట్టు కొలత దర్జీకి ఒక్కసారి సరిగ్గా సెప్పనేదు గాని, దానికి మాత్రం ఎంట్రుకలో సగం లెక్కెడతన్నావు," అంది అతని భార్య గౌరీశ్వరి.

"జాకెట్టు ఇరుకైతే కుట్లిప్పొచ్చే. సూది ఇరిగితే ఏటిప్పుతాం?" అన్నాడు దాలినాయుడు.

అలాంటి యంత్రం మొదటి మంచి బోర్డు చెక్కిన వారంలోనే కాలేజీకి దిక్కుల పిచ్చి పట్టింది.

ఆ ఏడు ఫలితాలు ముప్పై ఒక్క శాతానికి దిగాయి. కారణాలు కనిపెట్టడానికి ప్రిన్సిపాల్ భైరవమూర్తిగారు కమిటీ వేశారు. లెక్చరర్ల పోస్టులు పదమూడు ఖాళీగా ఉన్న సంగతి కమిటీ దృష్టికి రాలేదు. దృష్టి పెట్టవలసిన సభ్యులే ఆ ఖాళీలు. మిగిలిన ఒకే ఒక్క సభ్యుడు, సివిల్ విభాగాధిపతి అప్పలసూరిగారు, లోపం వాస్తులో ఉందని ఏకగ్రీవంగా తీర్మానించారు. పాతికేళ్ళుగా పిల్లలకి నేల మట్టం చూడ్డం నేర్పిన మనిషి. సమమట్టంలో ఉన్నవాడికి ప్రమోషను రాదని ఆ పాతికేళ్ళలో ఆయన నేర్చుకున్నారు.

గేటు ఈశాన్యానికి జరిగింది. నీళ్ళ ట్యాంకు నైరుతికి ఎక్కింది. 'దిశ మారిన దశ మారును' అని బోర్డు వెలిసింది. నల్లబల్లలన్నీ తూర్పు గోడలకి మారాయి. అక్కడున్నవి కిటికీలు కనుక పిల్లలు ఇప్పుడు సుద్దరాతలకి బదులు ఎండ చూస్తూ నోట్సు రాసుకుంటున్నారు. అప్పలసూరిగారు 'దిశా నోడల్ అధికారి' అయ్యారు. నోడల్ అంటే ఏమిటో ఎవరికీ తెలీదు గాని, నోరున్న అధికారి అని మాత్రం అందరికీ అర్థమైంది.

గోడలు అయిపోయాక యంత్రాల వంతు వచ్చింది. పద్నాలుగో తారీఖున జాయింట్ డైరెక్టరుగారి తనిఖీ. దిశానుకూలంగా ఉండి, ఆవిడ కళ్ళ ముందు పనిచేసి చూపించని ప్రతి యంత్రాన్నీ పనికిరానిదని కండెం చేసి పడమటి షెడ్డుకి పంపుతామని నోటీసు అంటించారు.

పడమటి షెడ్డుకి వెళ్ళిన వస్తువు తిరిగి రాలేదు. ఒకప్పుడు ఒక లేతు మిషను వెళ్ళింది. ఇప్పుడు దాని మీద దొండపాదు కాస్తోంది. దాలినాయుడు నోటీసు రెండుసార్లు చదివి, ల్యాబ్‌కెళ్ళి, యంత్రం మీది దుమ్ము తుడవక్కర్లేకపోయినా తుడిచాడు.

మర్నాడే అప్పలసూరిగారు దిక్సూచి పట్టుకుని దిగారు. యంత్రం దగ్గర పెట్టగానే ముల్లు గిర్రున తిరిగి మోటారు వైపు నిలబడింది.

"ఉత్తరం మీ మోటారులో ఉన్నదేమిటయ్యా?"

"అందులో అయస్కాంతం ఉందండి. దాని పక్కనెట్టుకుంటే ఏ దిక్సూచైనా దాని దిక్కే సూస్తాది."

అప్పలసూరిగారు వరండాలోకి వెళ్ళి, అక్కడ ఉత్తరాన్ని పట్టుకుని, అది జారిపోకుండా చెయ్యి చాచి అలాగే నడుచుకుంటూ లోపలికి తెచ్చారు. "ఇప్పుడు చెప్పు. మీ యంత్రం ఎక్కణ్ణుంచి లెక్క మొదలెడుతుంది?"

"ఈ మూల నుంచండి. ముందేపు, ఎడం సెయ్యి పక్క. ఇక్కడే సున్నా."

అప్పలసూరిగారు చాచిన చేతిని ఆ మూల మీదికి తెచ్చారు. "నైరుతి. సున్నాని నైరుతిలో కూర్చోబెట్టావా? సంస్థ సున్నా కావడానికి మూలం ఈ మూలేనన్నమాట. ఏ కార్యానికైనా ఆరంభం ఈశాన్యము నుండియే జరుగవలెను."

దాలినాయుడికి వాదనల కంటే వాయర్లు బాగా తెలుసు. కంప్యూటర్లో రెండు చోట్ల మైనస్ గుర్తు పెట్టి, సున్నాని ఎదురు మూలకి జరిపాడు. బోర్డు తలకిందులుగా వచ్చింది. చేత్తో తిప్పి పట్టుకుంటే సరిగ్గానే ఉంది. ఐదు నిమిషాల పని. దాని మీద అప్పలసూరిగారు నాలుగు పేజీల నివేదిక రాసి, తనే సాధించినట్టు ముగించారు.

నివేదిక చదివిన ప్రిన్సిపాల్‌గారికి ఉత్సాహం వచ్చింది. "మరి వాలు సంగతేమిటి? ఈశాన్యం పల్లము, నైరుతి మెరక. శాస్త్రం భూమికొకటి, బల్లకొకటి ఉండదు కదా."

"యంత్రంలో పలకెట్టే బల్ల సమంగా ఉండాలండి," అన్నాడు దాలినాయుడు. "దాన్ని సమం సెయ్యడానికే నాకు నెలైంది."

"సమము అన్నది సామాన్యుల ఆలోచన నాయుడూ. మనది సంస్థ."

అట్ట ముక్క మడిచి, యంత్రం లోపల ఆ బల్లకింద నైరుతి మూలన దోపారు. రెండు మిల్లీమీటర్ల వాలు వచ్చింది. సూది దిగాల్సింది పదో వంతు మిల్లీమీటరు. అంటే ఒక మూల సూది గాల్లో గీతలు గీస్తుంది, రెండో మూల పలకలో బావి తవ్వుతుంది. మామూలు టెక్నీషియనైతే అక్కడే చేతులెత్తేసేవాడు. దాలినాయుడు చేతులెత్తలేదు, సూదిని ఎత్తాడు.

సూదికి ఒక తీగ, రాగి పలకకి ఒక తీగ తగిలించాడు. చెక్కే ముందు సూది నెమ్మదిగా దిగి పలకని తాకుతుంది. తాకగానే కరెంటు నడుస్తుంది, 'ఇక్కడ రాగి ఇంత ఎత్తులో ఉంది' అని యంత్రం రాసుకుంటుంది. అలా నలభై తొమ్మిది చోట్ల తాకి ఎత్తుపల్లాల పటం గీసుకుని, ఆ తర్వాత చెక్కేటప్పుడు మెరకలో సూదిని ఎత్తుతూ, పల్లంలో దించుతూ పోతుంది. బోర్డు చక్కగా తెగింది. దాలినాయుడు మురిసిపోయాడు. మురిసినవాడు ఊరుకోవచ్చుగా. అప్పలసూరిగారు అడిగితే అంతా విడమరచి చెప్పాడు.

"అంటే," అన్నారాయన అంతా విని, చాలాసేపు కళ్ళు మూసుకుని, "మేము వాలు ఇస్తాము. అది కొలుచుకుని, వాలు లేనట్టే పని చేసుకుంటుంది."

"అదేనండి. వాలెంతున్నా దానికి పర్లేదు."

"దానికి పర్లేదు. సంస్థకి పర్లేదా?"

సాయంత్రానికి మెమో వచ్చింది. 'సదరు యంత్రము పై అధికారులు ప్రసాదించిన వాలును గుట్టుగా కొలిచి, నలభై తొమ్మిది పర్యాయములు నిర్వీర్యము చేసినట్లు తెలియవచ్చినది. ఈ స్వతంత్ర ప్రవర్తనకు సంజాయిషీ ఇవ్వవలెను. అంతవరకు తాకుట నిషేధము.'

యంత్రానికి రాయడం రాదు కనుక, దాని తరఫున సంజాయిషీ పట్టుకుని దాలినాయుడు ఆఫీసుకెళ్ళాడు. ఆఫీసు సూపరింటెండెంటు చిన్నమ్మడుగారు ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉంది. ప్రిన్సిపాళ్ళు వస్తారు, పోతారు. ఫైళ్ళు మాత్రం ఆవిడ అనుమతి లేకుండా ఎటూ కదలవు. దిక్కుల ఉద్యమంలో అందరి కుర్చీలూ తిరిగినా ఆవిడ కుర్చీ తిరగలేదు. తిప్పడానికి వచ్చినవాళ్ళని 'ఇండెంటు ఏదీ?' అని అడిగింది.

మెమో చదివి కళ్ళజోడు తీసింది. "ఏటి నాయుడూ, నిజం సెప్పేసేవా?"

"అడిగితే సెప్పేనండి."

"అడిగితే సెప్పేస్తారా ఎవలైనా? పద్నాలుగుకి ఇంకెన్ని రోజులుంది?"

"ఆరు. తాకనియ్యకపోతే అది పలక మీద దుక్కి దున్నేస్తాదండి. ఇంక షెడ్డే." అతను సంజాయిషీ కాగితం ఆవిడ ముందు పెట్టాడు. "రెండేళ్ళండి అమ్మడుగోరూ. ఒకో కడ్డీ ఒకో సచ్చిపోయిన మిషన్లోంచి తెచ్చుకున్నాను."

చిన్నమ్మడుగారు కాసేపు పెన్ను మూత నమిలింది. "పని మానక్కర్నేదు. పేరు మార్చు. తాకుట అంటే నేరంలాగ ఉంది. ఇల్లు కట్టేముందు నేల పరీక్ష సెయ్యరా? అలగే ఇది భూపరీక్ష అని రాయి."

'శంకుస్థాపనకు పూర్వము యంత్రము సవినయముగా ఆచరించు భూపరీక్ష' అని ఫైలు పైకి వెళ్ళింది. ఒక్క రోజులో ఆమోదమై కిందికి వచ్చింది. ఆ కాలేజీలో ఒక్క రోజులో పైకెళ్ళి కిందికొచ్చింది అప్పటిదాకా కరెంటొక్కటే. ఒకే ఒక్క సవరణ చేశారు: నలభై తొమ్మిది అంకె శాస్త్రంలో లేదు గనుక, నవగ్రహాలను అనుసరించి తొమ్మిది చోట్ల మాత్రమే పరీక్షించవలెను.

వాలు పట్టుకోడానికి మూడు చోట్ల తాకినా చాలని దాలినాయుడికి తెలుసు. ఈసారి ఎవరికీ చెప్పలేదు. మనిషి నేర్చుకుంటున్నాడు.

పద్నాలుగో తారీఖు వచ్చింది. అందరూ జేడీగారనే జాయింట్ డైరెక్టరు హేమనళినిగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కరని పొద్దున్న తొమ్మిదింటికి ఫోను వచ్చింది. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ప్రాంగణానికి తూర్పు చివర, మేడమీద. యంత్రాన్ని కింద సెమినార్ హాలుకి దించారు. హాల్లో ప్లగ్గు ఒక్కటే, వేదిక పక్కన. వైరు మూరెడు. ఆ మూరెడు వైరుకి ఆ ప్లగ్గు అందాలంటే యంత్రాన్ని వెనక్కి తిప్పి పెట్టాలి. తిప్పారు. ల్యాబ్‌లో ఈశాన్యమైన మూల ఇక్కడ నైరుతిలో తేలింది.

అప్పలసూరిగారు చెయ్యి చాచుకుని ఉత్తరాన్ని తెచ్చి చూసి, అక్కడే కుర్చీలో కూలబడ్డారు. "సున్నా నైరుతిలో. పల్లం నైరుతిలో. మెరక ఈశాన్యంలో. మనమే యముడి దిక్కు చూస్తూ నిలబడ్డాం."

"ఐదు నిమిషాలియ్యండి," అన్నాడు దాలినాయుడు. "అట్టముక్క ఇటేపు దోపేసి, రెండు మైనస్సులు తీసేస్తాను."

"ఆ అట్టముక్క కమిటీ ఆమోదించిన అట్టముక్క," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "దానిని కదిలించే అధికారం నాకు లేదు. సమావేశానికి వారం రోజుల ముందస్తు నోటీసు కావాలి." ఆయన గోడ గడియారం చూశారు. జేడీగారి కారు ఊళ్ళోకి వచ్చేసిందని అప్పుడే ఇంకో ఫోను. ఆయన నుదురు తుడుచుకుని, ఎవరికీ రాని ఆలోచన చేశారు. "అయితే దిక్కులు ఏ కమిటీ పరిధిలోనూ లేవు. కనుక అవి సంస్థాధిపతి విచక్షణాధికారం కిందికే వస్తాయి. అమ్మడుగారూ, రాసుకోండి."

చిన్నమ్మడుగారు రాసుకుంది.

"విషయము: తనిఖీ సందర్భముగా దిక్కుల సర్దుబాటు గురించి. సెమినార్ హాలు నందు ప్లగ్గు అనుకూల దిశలో లేనందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు తూర్పును పడమరగాను, పడమరను తూర్పుగాను, ఉత్తర దక్షిణములను అదే విధముగాను పరిగణించవలెను."

"హాలు వరకేనాండీ?" అంది చిన్నమ్మడుగారు తలెత్తకుండా.

"ఒక ప్రాంగణమున రెండు తూర్పులుండుట దోషము," అన్నారు అప్పలసూరిగారు వెంటనే కోలుకుని.

"ప్రాంగణమంతటికీ," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "ఇందుకు భిన్నముగా వ్యవహరించు సిబ్బందిపై చర్య తీసుకొనబడును."

"సూర్యుడికో కాపీ అంపమంటారా?"

"సంబంధితులందరికీ పంపండి."

జేడీగారు వచ్చారు. రాగానే ముందు పెట్టిన ఫైళ్ళన్నిటి మీదా 'చూచితిని, ఆమోదించితిని' అని సంతకాలు పెట్టడం ఆవిడ పద్ధతి. నిమిషానికి ఇరవై రెండు కాగితాల వేగం. దిక్కుల ఉత్తర్వు పద్దెనిమిదోదో పంతొమ్మిదోదో. ఆ సెకను నుంచి రేగులవలస పాలిటెక్నిక్‌లో పడమర తూర్పైంది.

తర్వాత ఉపన్యాసాలు. ఉపన్యాసాలకి ముందే ప్రిన్సిపాల్‌గారు యంత్రం దగ్గరికి వచ్చి పలక చూసి, "భూపరీక్ష ఇక్కడేనా? ఏయే చోట్ల?" అని అడిగారు. దాలినాయుడు సంబరంగా తొమ్మిది చోట్లూ చూపించాడు. ప్రిన్సిపాల్‌గారు జేబులోంచి వెండి భరిణె తీసి, ఆ తొమ్మిది చోట్లా గంధం పెట్టి, గంధం మీద కుంకుమ అద్దారు.

"అయ్యో, అక్కడొద్దండి," అన్నాడు దాలినాయుడు. "సూదికి రాగి తగలాలండి."

"భూపరీక్ష అని ఫైలులో రాసింది నువ్వే. భూమిని పూజించకుండా పరీక్షిస్తారా ఎవరైనా? తుడిచావంటే జేడీగారి ఎదుట అపచారం." అని ఆయన మైకు దగ్గరికి వెళ్ళారు.

తుడవడానికి దాలినాయుడు రెండుసార్లు చెయ్యి చాపాడు. రెండుసార్లూ అప్పలసూరిగారు ఆ చేతి వైపే చూస్తున్నారు. ఆయన తన దిక్సూచిని కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

ఉపన్యాసం నలభై నిమిషాలు. నెత్తిన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. గంధం ఎండి, పెళుసెక్కి, పలక మీద తొమ్మిది గట్టి పెంకులైంది. గంధం పెంకు కరెంటుని పోనివ్వదు. మైకులోంచి 'దిశ', 'దశ' వినిపించినప్పుడల్లా దాలినాయుడు వేళ్ళు నలుపుకుంటూ ఆ పెంకుల్నే చూస్తున్నాడు.

"కానివ్వండి," అన్నారు జేడీగారు ఎట్టకేలకు.

సూది నెమ్మదిగా దిగింది. మొదటి బొట్టుని తాకింది. కరెంటు నడవలేదు. రాగి ఇంకా రాలేదనుకుంది యంత్రం. దానికి అనుకోవడమంటే ఇంకొంచెం దిగడమే. దిగింది. కుంకుమ దాటింది, గంధంలో ఇరుక్కుంది. ఇంకొంచెం దిగింది. మొన ఒంగింది. 'టిక్కు'మని చిన్న చప్పుడైంది, అగ్గిపుల్ల విరిచినంత. విరిగిన ముక్క ఎగిరి జేడీగారి బొకేలో పడింది.

హాలంతా బొకే వైపు తిరిగింది.

"నేలలో దోషం," అన్నారు అప్పలసూరిగారు.

"యంత్రంలోనండి," అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

జేడీగారు ఎవరి మాటా వినలేదు. తనిఖీ పుస్తకంలో రాశారు: 'యంత్రము పనిచేయలేదు. కండెం చేయవలెను. నేడే ప్రాంగణమునకు పడమటి చివరనున్న గదికి తరలించవలెను.' సంతకం, తేదీ, స్టాంపు. భోజనానికి లేచారు.

దాలినాయుడు యంత్రాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎవరినీ పట్టనివ్వలేదు. హాలు దాటి, పడమటి షెడ్డు వైపు నడిచాడు. గట్టిగా ఏడిస్తే బాగుండునేమో గాని, అతనికి వచ్చింది ఒకటే ఆలోచన: దొండపాదు పందిరికి ఈ కడ్డీలు చక్కగా సరిపోతాయి.

"నాయుడూ, ఎక్కడికి మోసుకెళ్తన్నావు?"

వెనకాల చిన్నమ్మడుగారు. చేతిలో రెండు కాగితాలు. భోజనాల దగ్గర్నుంచి లేచొచ్చినట్టుంది, వేలికి పప్పు అంటుకునే ఉంది.

"పడమటి షెడ్డుకండి."

"అది తూర్పు కదేటి?"

దాలినాయుడు ఆగాడు.

"పొద్దున్న పదకొండు గంటల నుంచి అది తూర్పు. ఇదుగో ఉత్తర్వు. కింద జేడీగారి సంతకం సూడు. ఆ తర్వాత గంటకి రాసింది ఈ కండెం కాగితం. పడమటి చివర గది అని రాశారు. ఉత్తర్వు ప్రకారం ఈ ప్రాంగణానికి పడమటి చివరున్న గది ఏదో నువ్వే సెప్పు."

దాలినాయుడు తల తిప్పి, ప్రాంగణం అవతలి కొసన, మేడమీద, కిటికీ తెరిచి ఉన్న తన ల్యాబ్ వైపు చూశాడు. ఈసారి చూసి ఊరుకున్నాడు.

అప్పలసూరిగారు చేతిలో విస్తరితో పరిగెత్తుకొచ్చారు. "ఏమిటీ అన్యాయం? షెడ్డు ఎటువైపో పశువుల్ని అడిగినా చెబుతాయి."

"పశువులకి కాపీ అంపలేదండి," అంది చిన్నమ్మడుగారు. "భిన్నంగా వ్యవహరిస్తే సిబ్బందిమీద చర్య ఉంది. ఆ షెడ్డుని పడమర అనడానికి నాకు ధైర్యం చాలదు. తమరంటారా? అనండి, రాసుకుంటాను."

అప్పలసూరిగారు అనలేదు. వెనకే వచ్చిన ప్రిన్సిపాల్‌గారు రెండు కాగితాలూ తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి, మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"రద్దు చేసేద్దాం. ఉదయం నుంచే."

"సెయ్యొచ్చండి. అప్పుడు పొద్దున్న జేడీగారి ముందు యంత్రాన్ని నైరుతికి తిప్పి నడిపినట్టవుతాది. సూది విరగడానికి బాధ్యులెవరని అడుగుతారు. నోడల్ అధికారిగారి పేరు రాయమంటారా, తమ పేరు రాయమంటారా?"

"పోనీ ఇప్పటి నుంచి రద్దు?"

"జేడీగారు ఆమోదించిన ఉత్తర్వండి. ఫైలు డైరెక్టరేటుకెళ్ళాలి. కారణం రాయాలి. పడమరని తూర్పుగా ఎందుకు మార్చేరు, మళ్ళీ ఎందుకు మారుస్తన్నారు అని."

ప్రిన్సిపాల్‌గారు అటు చూశారు, ఇటు చూశారు. ఎటు చూస్తున్నారో ఆయనకే తెలియని స్థితి. చివరికి గొంతు సవరించుకున్నారు. "ఉత్తర్వు ఉత్తర్వే. యంత్రాన్ని జేడీగారి ఆదేశానుసారం పడమటి గదికి తరలించండి."

దాలినాయుడు మోసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఏనుగంత ఉన్న యంత్రం, వచ్చేటప్పుడు పీటంతే ఉంది.

యంత్రం పక్కన ఎర్ర రంగుతో 'కండెం' అని రాశారు. అలా రాశాక దానికి ఏ నిబంధనా వర్తించదని అతనికి మెల్లగా తెలిసొచ్చింది. కండెమైన దానికి దిక్కుల్లేవు, వాలు లేదు, వార్షిక తనిఖీ లేదు, గంధం లేదు. పదవీ విరమణ చేసిన మనిషికి కూడా అంత స్వేచ్ఛ ఉండదు. కమిటీ ఆమోదించిన అట్టముక్కని లాగి చెత్తబుట్టలో వేశాడు. బల్లని సమం చేశాడు. సున్నాని తనకి చెయ్యి అందే మూలన పెట్టుకున్నాడు. కొత్త సూది బిగించి నలభై తొమ్మిది చోట్లా తాకించాడు. పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు కూడా.

ఆ ఏడు కాలేజీ నుంచి పిల్లల ప్రాజెక్టులకి వెళ్ళిన సర్క్యూట్ బోర్డులన్నీ అధికారికంగా లేని యంత్రం మీద తయారయ్యాయి. ఉన్న యంత్రాలన్నీ నైరుతి ఎత్తుకుని, ఈశాన్యానికి ఒరిగి, దిశానుకూలంగా నిలబడే ఉన్నాయి. డైరెక్టరేటుకి ఫైలు ఇంకా వెళ్ళలేదు.

మొదటి బోర్డు పూర్తయిన ఉదయం దాలినాయుడు రాగి పొడి ఊదేసి, గీతలు చూడ్డానికి దాన్ని కిటికీ దగ్గర వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. ప్రాంగణంలో అమల్లో ఉన్న ఉత్తర్వుల ప్రకారం, సరిగ్గా పడమటి దిక్కున, సూర్యుడు ఉదయిస్తున్నాడు.